ఒక్క స్టాపు

ఉలాన్‌బాతర్‌లో చలికాలం
సూర్యుడు సెలవు పెట్టడు.
మైనస్ ముప్పైలోనూ ఠంచనుగా వస్తాడు.
నీలాన్ని మరక లేకుండా ఆరేసి
సాయంత్రం ఐదింటికి మడతపెట్టుకుని పోతాడు.
వస్తాడు గాని ఏమీ తేడు,
ఉత్తచేతుల చుట్టం.

నేను ప్రసూతి ఆసుపత్రి ల్యాబ్‌లో
రక్తం గొట్టాలు తిప్పే మనిషిని.
నా దగ్గరికి ముఖాలు రావు,
చీటీలొస్తాయి.

నవంబరులో ఒక చీటీ:
దుల్గూన్. ముప్పై ఒకటి. పదో వారం.
వృత్తి, ట్రాలీబస్సు డ్రైవరు.
డి విటమిన్ ఏడు,
ఇరవై దాటాల్సిన చోట ఏడు.
టీఎస్‌హెచ్ ఎనిమిది.
రెండంకెలూ
ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చున్నట్టు.

మిషన్ పొరబడిందేమోనని మళ్ళీ తిప్పాను.
పొరబడలేదు.

ఈ రెంటికీ చుట్టరికం ఉందా అని
డాక్టరు ఖొర్లోని అడిగాను.
"ఉందంటారు కొందరు, లేదంటారు కొందరు.
వాళ్ళు తేల్చుకునేలోపు ఈమె కనేస్తుంది.
రెంటికీ మందు రాస్తున్నా" అంది.

మర్నాడు పొద్దున
నేను రోజూ ఎక్కే బస్సులోనే
డ్రైవరు తల మీద పలకలో ఆ పేరు!
నాలుగేళ్ళుగా చూస్తున్న పలక,
చదివింది ఆ రోజే.

కిటికీ వైపు ఎడమ చెంప
కుడి చెంప కన్నా ఒక ఛాయ నలుపు.
పగలల్లా ఎండలో కూర్చునే మనిషికి
ఎండ కరువా!
అద్దం గడుసుది.
వెలుగుని లోపలికి పంపి
ఎముకకి కావలసిందాన్ని
గుమ్మం దగ్గరే నిలేసింది.

కార్డు తాకించాను. ఆమె తలూపింది.
రాత్రి నీ రక్తం నా చేతుల్లో తిరిగిందని
ఏ ముఖంతో చెప్పను,
చెప్పకూడదు కూడా.
వెనక సీట్లో కూర్చుని లెక్క వేశాను:
పదో వారం.
లోపలి ప్రాణానికి గొంతు ఏర్పడింది,
గొంతులో గ్రంథి ఇంకా పొయ్యి రాజేసుకోలేదు.
అంతదాకా తల్లి పొయ్యిలోంచే అరువు నిప్పు.
ఆ పొయ్యేమో మినుకుమినుకు.

డిసెంబరులో ఒకరోజు
కండక్టరుతో మొరపెట్టుకుంటోంది:
"పరగడుపున మాత్ర వేసుకుని
గంటదాకా టీ ముట్టకూడదట.
మా అత్త సెవ్‌జిద్ పాలటీ కాచి
తొలి గరిటె బయటికెళ్ళి ఆకాశానికి చల్లుతుంది.
రెండోది నాది.
కాపురానికొచ్చిన రోజు నుంచీ నాది.
ఇప్పుడు ఆకాశం తాగేస్తుంది,
నేను గడియారం చూస్తా.
అత్త మూడ్రోజులు మూతి ముడుచుకుంది.
నాలుగో రోజు మందు వేసుకోగానే చూద్దును కదా,
కాగిన టీ దించి పక్కన పెట్టేసింది,
ఆకాశానికీ ఇవ్వకుండా!
'అదీ గంట ఆగుతుందిలే,
దాని కడుపులో మాత్రం ఏముంది' అని."

కండక్టరు పగలబడి నవ్వింది.
నేను నా స్టాపు దాటి పోయాను.

ఇంకో మాట కూడా చెవిన పడింది:
పుట్టింటి సరస్సు ఉప్పు
ముసలావిడ పెట్టె అడుక్కి నెట్టి
అయోడిన్ ముద్ర ఉన్న కొట్టు ఉప్పు కొందట.
టీ రుచి పోయిందని
రోజూ ఆవిడే తిడుతుందట.

ఫిబ్రవరిలో రెండో చీటీ.
ఇరవై రెండు. రెండున్నర.
ఈసారి మిషన్ మళ్ళీ తిప్పలేదు.
చెడు కబురుకే సాక్ష్యం అడుగుతాం కాబోలు.

ఏప్రిల్.
పొట్ట స్టీరింగుని ఆనుకుంది.
మంచు కరిగిన బురదలో
బస్సు కొమ్ము తీగ నుంచి జారింది.
కండక్టరు తాడు పట్టుకుని వెనక్కి పరిగెత్తింది.
దుల్గూన్ అద్దం దించింది.
స్వెట్టరు చెయ్యి భుజందాకా మడిచి
తెల్లటి ఎడమ చేతిని
కిటికీ బయట ఎండలో పెట్టింది,
అమ్మడానికి పెట్టిన చేపలా.

కొమ్ము తీగకి తగిలింది. బస్సు కదిలింది.
"చలమ్మా, ముయ్యి!" అని ఎవరో అరిచారు.
"ఒక్క స్టాపు" అంది
వెనక్కి తిరగకుండా.

నేను కాలరు ఎత్తుకున్నాను.
పక్కనున్న తాత టోపీ చెవులు దించుకున్నాడు.